తలుపు ముందర రొట్టె చప్పుడు

మీ అవ్వ పుట్టకముందు, ఆమెను కన్న అవ్వ కూడా పుట్టకముందు, ఎవరి లెక్కకూ అందనంత కిందట గొర్రెగుండం అనే ఊరుండేది. నల్లటి గుట్ట కింద ఊరు. గుట్ట మీద గొర్రెలు, గుట్ట కింద జొన్నచేలు. ఆ ఊళ్లో బూదవ్వ అనే కురుమ ముసలమ్మ ఉండేది.

బూదవ్వకు ఎవరూ లేరు. మగడు బీరయ్య గొంగళ్లు నేసేవాడు, పోయాడు. నీలి అని ఒక్కతే బిడ్డ, పాలపళ్లు ఊడకముందే పోయింది. మిగిలింది ఒక రాట్నం, రొట్టెలు కాల్చే ఒక పెంక, ఒక రొట్టె పీట, మగడు నేసిన మూడు గొంగళ్లు. పొద్దున్నే ఉన్ని వడికేది. పొద్దెక్కాక జొన్నరొట్టెలు చేసేది. తిని మళ్లీ ఉన్ని వడికేది. అంతే ఆమె బతుకు.

ఇంకో సంగతి. బూదవ్వ మహా పిరికిది. ఉరిమితే గొంగట్లో దూరేది. బల్లి పడితే కేక పెట్టేది. బావిలో చేద వేసేటప్పుడు కళ్లు మూసుకునేది. పిల్లలు వెనక నుంచి వచ్చి "బూదవ్వా!" అని అరిస్తే ఆమె చేతిలో దారం తెగిపోయేది. పిల్లలు నవ్వేవాళ్లు. గుండె మీద చెయ్యి వేసుకుని ఆమె కూడా నవ్వేది.

ఒక ఎండాకాలం ఆ ఊరికి గత్తర వచ్చింది.

గత్తర అంటే మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. పొద్దున నాగలి పట్టిన మనిషి కడుపులోదంతా పొద్దుగూకేలోపు నీళ్లయి పోయేది. కళ్లు గుంటలు పడేవి. ఒళ్లు చల్లబడేది. ఎండలో పడుకోబెట్టినా చల్లగానే ఉండేది.

ఆ ఊరికి అది గొంతుతో వచ్చిందంటారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని వేళ, తలుపు బయట నిలబడి పేరు పెట్టి పిలిచేది. అదీ పరాయి గొంతు కాదు, మన అనుకునేవాళ్ల గొంతు. మొదట ఒక గొల్లాయన్ని తమ్ముడి గొంతుతో పిలిచింది. "వస్తున్న" అని ఆయన పలికాడు. తలుపు తీస్తే వీధిలో ఎవరూ లేరు, దుమ్ము మాత్రం లేచి తిరుగుతోంది. పొద్దుగూకేసరికి ఆయన లేడు. తర్వాత ఒక బాలింతను తల్లి గొంతుతో పిలిచింది. ఆమె పలికింది, ఆమె కూడా లేదు. తర్వాత ఒక తాతను మనవడి గొంతుతో పిలిచింది. ఆయన పలికాడు, ఆయనా లేడు.

ఇక ఊరు పలకడం మానేసింది.

తలుపులన్నీ మూసుకున్నాయి. ఎవరు పిలిచినా పలకరు. తట్టినా తియ్యరు. నిజంగా తమ్ముడే వచ్చి పిలిచినా తియ్యరు. లోపల జబ్బుపడ్డవాళ్లు దాహమని మూలిగేవాళ్లు. పొయ్యిలో పిల్లి పడుకునేది. పిలుపుకు చచ్చినవాళ్లు కొందరైతే, మూసిన తలుపుల వెనక ఆకలికి నీరసించినవాళ్లు ఎక్కువ.

అందరికంటే గట్టిగా తలుపు బిగించుకున్నది బూదవ్వే. గడియ పెట్టింది. గడియకు ఉన్నిదారం చుట్టింది. తలుపుకు రాట్నం అడ్డం పెట్టింది. మూలన కూర్చుని మూడు గొంగళ్లూ కప్పుకుంది. అయినా వణుకు ఆగలేదు.

పక్కిల్లు కుమ్మరి ఓదెలుది. గోడ అవతల ఓదెలు పెండ్లాం మూలుగుతోంది. "ఇంత అంబలి... ఇంత అంబలి" అంటోంది. ఓదెలు ఇంట్లో పిండి లేదు. తెచ్చుకోవాలంటే తలుపు తియ్యాలి. అతను తియ్యడు.

బూదవ్వ చెవులు మూసుకుంది. మూలుగు వినిపిస్తూనే ఉంది. చివరికి గోడకు నోరు ఆనించి, "ఓదెలూ, నేను బూదవ్వను. అంబలి తెస్త, తలుపు తియ్యి" అంది.

అవతల ఊపిరి కూడా ఆగినట్టయింది. ఆమె మళ్లీ పిలిచింది. ఓదెలు పలకలేదు. ఎట్లా పలుకుతాడు? గత్తర కూడా అట్లాగే పిలుస్తుంది కదా.

బూదవ్వకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆమె చేసే పని ఒకటే. పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. మరిగిన నీళ్లు జొన్నపిండిలో పోసి పిసికింది. పీట మీద ముద్ద పెట్టి రొట్టె కొట్టింది.

తప్, తప్, తప్.

ఆమె చేతికి ఒక వరస ఉండేది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. ఊరంతా ఎరిగిన చప్పుడది. మూడో రొట్టె కొడుతుండగా గోడ అవతల నుంచి సన్నగా గొంతు వచ్చింది.

"బూదవ్వా? నువ్వేనా?"

"నేనే నాయినా. నన్నెట్ల గుర్తుపట్టినవ్?"

"గత్తరకు ఆకలుంటదా అవ్వా? అది రొట్టె చెయ్యదు."

ఆ మాట విని బూదవ్వ మూడో రొట్టెను పెంక మీద వేసింది. ఇప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు తెలిసింది. తెలిసినందుకే భయం రెట్టింపైంది.

కుంపట్లో నిప్పులు పోసుకుంది. గంపలో పిండి, ఉప్పు, నీళ్లకుండ, అంబలి ముంత పెట్టుకుంది. పెంక, పీట చంకన పెట్టుకుంది. మూడు గొంగళ్లు భుజాన వేసుకుంది. గడియకు చుట్టిన దారం విప్పడానికే ఎంతో సేపు పట్టింది. తలుపు తీసి వీధిలోకి చూసింది. ఎండ. దుమ్ము. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడమే ఆమెకు భయం.

అట్లా ఆమె ఎన్ని తలుపుల ముందు కూర్చుందో చెప్పలేను. మూడు తలుపుల సంగతి చెబుతాను, వినండి.

మొదటిది ఓదెలు తలుపు. గడప ముందు కూర్చుని పీట మీద కొట్టింది. తప్, తప్, తప్. తలుపు తెరుచుకుంది. ఉప్పేసిన అంబలి ఓదెలు పెండ్లానికి గుక్కగుక్కగా తాగించింది. మంచులా చల్లబడిన ఆమె కాళ్లకు మొదటి గొంగడి కప్పింది. ఓదెలుకు రొట్టెలు పెట్టింది.

"భయం లేదా అవ్వా?" అన్నాడు ఓదెలు.

"ఎందుకు లేదు? నా కాళ్లు చూడు" అంది. వణుకుతున్నాయి.

రెండోది పటేలు తలుపు. ఇనప బొడిపెలు కొట్టిన పెద్ద తలుపు. పులిని కొట్టానని చెప్పుకునే మనిషి లోపల వడ్ల గుమ్మి వెనక దాక్కున్నాడు. కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడు. బూదవ్వ కూర్చుంది. తప్, తప్, తప్. లోపల గడియలు ఒక్కొక్కటే కదిలాయి. పటేలు సందులోంచి ఒక కన్ను పెట్టి చూశాడు. ఆమె చేతిలో ఉడుకు రొట్టె చూసి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. కొడుకుకు అంబలి పట్టారు. రెండో గొంగడి వాడికి కప్పారు.

మూడోది ఊరి చివర ఎర్రక్క గుడిసె. ఎర్రక్క ఊరి బట్టలు ఉతికేది. ఆమెకు లింగి అని చిన్న కూతురు. గుడిసెలోంచి కొన్నాళ్లుగా ఏ చప్పుడూ లేదు. బూదవ్వ అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గుట్ట రాళ్లు సెగలు కక్కుతున్నాయి. కాకి లేదు, కుక్క లేదు. ఆ గుడిసె తర్వాత ఊరు లేదు.

ఆమె కూర్చుని కొట్టింది. తప్, తప్, తప్. లోపల ఉలుకు లేదు పలుకు లేదు.

మళ్లీ కొట్టింది. అప్పుడు మెడ వెనక చల్లగా తగిలింది. అంత ఎండలో చల్లటి గాలి. వెనక నుంచి ఒక గొంతు, నెమ్మదిగా, దగ్గరగా వచ్చింది.

"బూదీ, దారం తెచ్చినవా? మగ్గం ఆగిపోయింది."

బీరయ్య గొంతు. అచ్చం బీరయ్యే. ఆమె వెనక్కి తిరగలేదు, పలకలేదు. రొట్టె కొట్టింది. తప్, తప్, తప్.

"బూదమ్మా, ఎండలో కూసున్నవేమే తల్లీ?"

చచ్చిపోయిన తల్లి గొంతు. బూదవ్వ కళ్లలోంచి నీళ్లు పిండి మీద పడ్డాయి. పలకలేదు. ముద్ద ఆరిపోయి అంచులు పగులుతున్నాయి. కుండలో నీళ్లు అడుగంటాయి. ఎండిన పిండి మీద చప్పుడు కూడా మొద్దుబారింది. అయినా కొట్టింది. తప్, తప్, తప్.

అప్పుడు పిలిచింది.

"అవ్వా."

పసిగొంతు. సన్నది. ఒకటే మాట.

అమ్మను కూడా అవ్వా అనే ఊరది. నీలి అట్లాగే పిలిచేది. కానీ లోపలున్న లింగి కూడా అట్లాగే పిలుస్తుంది కదా! ఏ పిల్లయినా అట్లాగే పిలుస్తుంది. ఆ గొంతు తలుపు లోపలి నుంచి వచ్చిందా, వెనక నుంచి వచ్చిందా? గుండె చప్పుడు చెవుల్లో మోగుతుంటే బూదవ్వకు తెలియలేదు. వెనక నుంచి అయితే, పలికితే చావు. లోపల నుంచి అయితే, పలకకపోతే ఆ పిల్ల ఇక మళ్లీ పిలవదు.

"అవ్వా."

బూదవ్వ రెండు చేతులూ పిండిలో గుచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుంది, బావి దగ్గర మూసుకున్నట్టే.

"ఓ బిడ్డా! ఈడనే ఉన్న. తలుపు తియ్యి" అంది.

మెడ వెనక గాలి ఆగిపోయింది. ఒక్కసారిగా ఎండ మీద పడింది.

తలుపు కిర్రుమంది. సందులో లింగి నిలబడి ఉంది. పెదాలు ఎండి పగిలాయి. వెనక చాప మీద ఎర్రక్క, కదలడం లేదు గానీ ఊపిరి ఉంది.

"నువ్వు పిలిచినవ్ కదా బిడ్డా?" అని అడిగింది బూదవ్వ.

లింగి తల అడ్డంగా ఊపింది. "నేను పిలువలేదవ్వా. ఎవలో రొట్టె కొడుతుంటే భయపడి మూలకు కూసున్న. నువ్వు 'ఓ బిడ్డా' అన్నవు. అందుకే తీసిన."

బూదవ్వ గంప తీసుకుని లోపలికి పోయింది. తల్లికీ కూతురికీ అంబలి పట్టింది. మిగిలిన పిండితో, పగుళ్లతోనే, రొట్టెలు కాల్చి పెట్టింది. మూడో గొంగడి ఇద్దరికీ కలిపి కప్పింది. "మళ్ల వస్తనో రానో, రొట్టెలు నానబెట్టుకుని తిను" అని లింగికి చెప్పి ఇంటికి నడిచింది. ఇంటికి చేరేలోపే పాదాలు చల్లబడ్డాయి.

తెల్లవారింది. ఊళ్లో రొట్టె చప్పుడు లేదు.

అది ముందు విన్నవాడు ఓదెలు. చప్పుడు లేకపోవడం కూడా వినిపిస్తుంది. అతను బూదవ్వ తలుపు దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచి పిలవబోయి ఆగాడు. ఇంటికి పరుగెత్తి పీట, పిండి తెచ్చి ఆమె గడప ముందు కూర్చున్నాడు. కుండలు చేసిన చేతులే గానీ ఎన్నడూ రొట్టె చెయ్యలేదు. దబ్, దబ్, దబ్ అని బాదాడు.

లోపల నుంచి నీరసంగా నవ్వు వినిపించింది. "ఎవలది? గాడిదను కొట్టినట్టు కొడుతున్నరు?"

తలుపుకు గడియ పెట్టి లేదు. ఓదెలు లోపలికి వెళ్లాడు. బూదవ్వ కటిక నేల మీద ముడుచుకుని ఉంది.

"నీలి పిలిచిందిరా. పలికిన. తప్పు చేసిన్నా?"

"లేదవ్వా."

"నాకు బాగా భయమైతున్నది, ఓదెలూ."

"నేనున్న" అని అతను చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. కప్పుదామని ఇల్లంతా వెతికాడు. ఒక్క గొంగడి లేదు.

ఓదెలు వీధిలోకి వచ్చి, గొంతు పగిలేలా అరిచాడు. "బూదవ్వకు చలైతున్నది! కప్పను గొంగడి లేదు!"

అరిచింది ఎవరి గొంతో, తలుపు తీస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ముందు పటేలు తలుపు తెరుచుకుంది. తర్వాత పక్క తలుపు. తర్వాత అన్నీ. ఇంట్లో ఉన్న గొంగడి తెచ్చినవాళ్లు తెచ్చారు. అయినా బూదవ్వ వణుకుతూనే ఉంది. "ఆమెకు కొత్తది నేద్దాం" అన్నారు ఎవరో. వాకిట్లోనే మగ్గం వేశారు. ప్రతి ఇంటి నుంచీ పిడికెడు ఉన్ని వచ్చింది. రాట్నం ముట్టనివాళ్లు కూడా వడికారు. ఒకరి దారం లావు, ఒకరిది సన్నం, ఒకరిది ముడులు. పటేలు వడికిన దారమైతే తాడులా ఉంది. ఎవరో మంచం తెస్తే బూదవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె పడుకునే చూసింది. "గట్ల కాదు, వేలు వదులు" అని ఒకరికి చెప్పింది. అదే ఆమె చివరి మాట.

గొంగడి సగం కాకముందే ఆమె పోయింది. వాళ్లు నెయ్యడం ఆపలేదు. పూర్తిచేసి, సమాధి మీద కప్పారు.

ఆ తర్వాత ఆ ఊళ్లో పిలుపు వినిపించలేదు. వానలు పడ్డాయి, గత్తర పోయింది అంటారు కొందరు. నిజమే, వానలు పడ్డాయి. ఆ పిలుపుకు కావలసిన జవాబు దొరికింది అంటారు ఇంకొందరు. నాకు తెలియదు. లింగి పెద్దదై, ముసలిదై చనిపోయేదాకా ఎవరు అడిగినా ఒకటే చెప్పింది: "నేను పిలువలేదు."

ఇప్పటికీ గొర్రెగుండంలో ఎండాకాలం రాగానే ప్రతి ఇల్లూ పిడికెడు ఉన్ని ఇస్తుంది. అందరూ కలిసి ఒక గొంగడి నేస్తారు. దారాలు సమంగా ఉంటే విప్పి మళ్లీ వడుకుతారు. ఏ పిల్లయినా భయమని ఏడిస్తే, భయపడొద్దని ఎవరూ అనరు. "బూదవ్వ కూడా భయపడ్డది. భయపడుకుంటనే పో బిడ్డా" అంటారు.

జబ్బు మనిషి ఉన్న ఇంటికి వెళితే ఎవరూ పేరు పెట్టి పిలవరు. తలుపు మీద అరచేత్తో కొడతారు, రెండు గట్టిగా, ఒకటి మెల్లగా. లోపల నుంచి "ఎవలు?" అని అడుగుతారు. వచ్చింది మగవాడైనా, ఆడమనిషైనా, పెద్ద పటేలైనా, చెప్పే జవాబు ఒకటే.

"బూదవ్వను. రొట్టె తెచ్చిన."

తలుపు తెరుచుకుంటుంది.