గదులు ఖాళీ లేవు

మాస్టారు రాసిన కోడ్ చూస్తే కౌండిన్యకి ఒళ్ళు మండేది.

పరాంకుశం మాస్టారు విశాఖపట్నంలో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి వెనక వీధిలో సత్రం నడిపేవారు. వైద్యానికి వచ్చినవాళ్ళకీ, వాళ్ళకి తోడు వచ్చినవాళ్ళకీ అక్కడ గదీ భోజనం ఉచితం. మాస్టారు పూర్వాశ్రమంలో కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి. అందుకని వెబ్ పేజీలు రాయడం నేర్చుకోవాలని వచ్చే పిల్లలకి ఆ సత్రమే బడి. ఫీజు లేదు. పూటపూటా వడ్డన చెయ్యాలి, అంతే. కౌండిన్య అలా వచ్చినవాడే.

సత్రంలో దిగాలంటే ఫోన్లో సత్రం పేజీ తెరిచి, రోగి ఎవరో, తోడు వచ్చినవారు రోగికి ఏమవుతారో నింపాలి. గది ఉందో లేదో పేజీయే చెబుతుంది. అలా చెప్పించే కోడ్ మాస్టారు ఎప్పుడో తన చేత్తో రాసుకున్నది. గది ఖాళీగా ఉంటే, వచ్చినది తల్లి అయితే, కాకపోతే తండ్రి అయితే, కాకపోతే భార్య అయితే... ఇలా "అయితే" అని అడిగే ఇఫ్ లోపల ఇఫ్, దాని కడుపులో ఇంకో ఇఫ్. అన్నిటికీ అడుగున ఒక ఎల్స్. వీళ్ళెవరూ కాకపోతే "లోపలికి రండి, మాట్లాడుకుందాం" అని చూపించమని.

"మనకేమో శుభ్రంగా రాయమని చెబుతారు, ఈయన రాసుకున్నది ఇదా!" అని కౌండిన్య తోటివాళ్ళ దగ్గర నవ్వేవాడు. కుర్రాడు తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, ఆ పేజీ నేను శుభ్రం చెయ్యనా?"

"చెయ్యి నాయనా. ముందు నిదానంగా చదువు."

చదవడానికేముంది అనుకున్నాడు కౌండిన్య. బంధువులందరినీ ఒక్క వరుసలోకి తెచ్చాడు. గది ఖాళీగా ఉండి, వచ్చినది బంధువు కూడా అయితే గది ఇవ్వు. లేదంటే "గదులు ఖాళీ లేవు" అని చెప్పి అక్కడే ఆపెయ్యి. గది దొరకనివాళ్ళ పేర్లూ నంబర్లూ దాచడం దండగని ఆ పని కూడా తీసేశాడు. ఇక అడుగున ఉన్న ఎల్స్. తను వచ్చాక దాని గడప తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. దాన్నీ ఊడ్చేశాడు. తల్లి అని నింపి చూశాడు, కొడుకు అని నింపి చూశాడు. గది వచ్చింది. పేజీడు కోడ్ కాస్తా నాలుగు వరుసలకి దిగింది.

మాస్టారికి చూపించాడు. ఆయన భోజనాల హడావిడిలో ఉన్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని ఒకసారి చూసి, "ముచ్చటగా ఉంది," అన్నారు. ఆ మాటకి కౌండిన్య ఆ రోజంతా నేల మీద నడవలేదు.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం వడ్డన జరుగుతుండగా గేటు దగ్గరుండే సింహాద్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్న సాయంత్రం పలాస నుంచి ఇద్దరు ఆడోళ్ళొచ్చినారు మాస్టారూ. జీడిపప్పు పనికెళ్ళేవోళ్ళంట. ఒకావిడ నడవలేకపోతంది. రెండో ఆవిడ ఫోన్లో నొక్కి చూసి గదుల్లేవంట అన్నాది. వానలో కాసేపు మెట్ల మీద కూకున్నారు. మరి ఎల్లిపోనారు."

"గదులున్నాయిగా సింహాద్రీ!" అన్నాడు కౌండిన్య. "లోపలికి పంపలేకపోయావా?"

"పేజీ ఏటి చెప్తే అదే కదా బాబూ మనకి."

మాస్టారు మెల్లిగా అడిగారు. "తోడు వచ్చినావిడ ఆమెకి ఏమవుతుందిట?"

"ఏటీ అవదంట. పక్కింటావిడ. ఆ జబ్బు మనిషికి ఎవులూ లేరంట."

కౌండిన్య చేతిలో గరిటె ఆగిపోయింది. మేడ మీద గదుల తలుపులు బార్లా తీసే ఉన్నాయి. గబగబా వెళ్ళి కంప్యూటర్ తెరిచాడు. పేరు లేదు, నంబరు లేదు. దాచొద్దని చెప్పింది తనే. ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర అడిగాడు. బస్ కాంప్లెక్స్‌కి పరుగెత్తి పలాస బస్సులన్నీ ఎక్కి దిగాడు. ఏ మొహం కోసం వెతకాలో కూడా అతనికి తెలియదు. సాయంత్రానికి తడిసి ముద్దై తిరిగి వచ్చాడు.

ఆ రాత్రి భోజనాలకి మాస్టారే గరిటె పట్టుకున్నారు. ఎన్నడూ లేనిది, ప్రతి విస్తరి దగ్గరా ఆగి అడుగుతున్నారు.

"మీరెవరమ్మా?"

"మా ఆయనకి వైద్యం అండి." వడ్డించారు.

"మీరు బాబూ?"

"మా నాన్నకండి." వడ్డించారు.

కౌండిన్య విస్తరి దగ్గరికి వచ్చారు.

"నువ్వు రోగివా?"

"కాదు మాస్టారూ."

"రోగికి బంధువువా?"

"కాదు."

"అన్నం అయిపోయింది నాయనా."

ఆయన చేతిలో గిన్నె నిండా అన్నం పొగలు కక్కుతోంది. మాస్టారు వరుసంతా వడ్డించి వచ్చి, గిన్నె దూరంగా పెట్టి, అతని పక్కనే కూర్చున్నారు. ఆయన ముందు విస్తరి కూడా ఖాళీయే.

"మీరెందుకు మాస్టారూ..." అన్నాడు కౌండిన్య.

"చూసి ముచ్చటగా ఉందన్నాను కదా."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పంక్తిలో వాళ్ళు తినడం ముగించి లేచేదాకా.

మర్నాడు కౌండిన్య ఆ కోడ్ మళ్ళీ రాశాడు. గదులు నిజంగా లేకపోతే ముందే ఆ మాట చెప్పించాడు. బంధువులకి ఒక్క వరుస. అడుగున ఎల్స్. వచ్చినవాళ్ళెవరైనా సరే, పేరూ నంబరూ దాచమన్నాడు. అప్పటికీ చిన్నదిగానే ఉంది. ఈసారి మాస్టారు కూర్చుని, వేలు పెట్టి వరుస వరుసా చదివారు.

"శుభ్రంగా ఉంది," అన్నారు. ఆ మాటకి ఈసారి కౌండిన్య పొంగిపోలేదు.

అప్పటినుంచీ సాయంత్రమైతే అతను గేటు దగ్గర నిలబడేవాడు. ఆసుపత్రి వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నడిచి వస్తుంటే ఎదురు వెళ్ళేవాడు. మీది పలాసా అని అడిగేవాడు. కాదనేవాళ్ళు. వానలు వెనకబట్టాయి, చలి మొదలైంది.

ఒక సాయంత్రం మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"వాళ్ళు ఇంక రారు కదా మాస్టారూ?"

ఆయన వీధి చివరిదాకా చూశారు. "రారేమో నాయనా."

కౌండిన్య కళ్ళు తుడుచుకున్నాడు. "మరి ఆ ఎల్స్ ఎవరి కోసం?"

"ఎవరో తెలిస్తే ఇఫ్ రాసేవాళ్ళం కదా," అన్నారు మాస్టారు.