తూము ఎత్తే కిటుకు

వెనకటికి ఏటి ఒడ్డున ముత్యాలరేవు అనే ఊరుండేది. ఊళ్లో చేరిన వాననీటిని ఏట్లోకి వదిలే తూముకు అనంతశయనం అనే అధికారి ఉండేవాడు. తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే వేలాడేది. తూము తలుపు ఎత్తే కిటుకు ఇంకెవరికీ చెప్పేవాడు కాదు. కిందటేడు ఆయన జ్వరంతో మంచం పడితే పల్లపు వీధి నడుంలోతు మునిగింది. పడవ నడిపే పైడమ్మ ఇల్లూ ఆ వీధిలోనే.

"ఇంకొకరికి నేర్పండి బాబూ" అని ఆమె ఎంత బతిమాలినా, "నేనుండగా ఇంకొకడెందుకే?" అని కసిరేవాడు.

మళ్లీ వానలు పట్టాయి. బావమరిది పెళ్లికని అనంతశయనం పట్టుపంచె కట్టుకుని రేవుకొచ్చాడు. పైడమ్మ పడవ తాడు విప్పలేదు.

"మిమ్మల్ని ఎక్కించుకోలేను బాబూ. ఏరు ఉరకలేస్తోంది. పడవ తిరగబడి నేను పోతే మా తమ్ముడు నడుపుతాడు. మీరు పోతే తూము ఎవరెత్తుతారు? ఊరు ముంచిన పాపం నాకెందుకు?"

"తాళంచెవి ఇచ్చి వెళ్తాలేవే!"

"చెవి ఒక్కటే ఇస్తే ఏం చేసుకుంటాం? కిటుకు మీ బుర్రలో ఉందిగా."

అవతలి ఒడ్డున పెళ్లిమేళం మొదలైంది. అనంతశయనం పళ్లు నూరుకుంటూ వెనక్కి నడిచాడు. కుమ్మరి ఎర్రయ్యకూ అతని భార్య మంగమ్మకూ తూము ఎత్తడం నేర్పి, వాళ్లు ఎత్తి చూపించాక తాళంచెవి ఇచ్చి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఇప్పుడైనా ఎక్కించుకుంటావా?"

పైడమ్మ నవ్వుతూ తాడు విప్పింది. "దానికేం బాబూ, రండి. ఇక మీరు మునిగినా ఊరు మునగదు."

అనంతశయనం పడవ అంచులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.