కడిగినా పోని గీత

కణకేంద్రకంలోని ప్రొటీన్లను శుభ్రంగా విడదీసి చూపిస్తే హైమవతికి డాక్టరేటు వచ్చినట్టే. కానీ ఎన్నిసార్లు విడదీసినా, ఒక్కో ప్రొటీన్ ఒక్కో గీతగా కనిపించే ఫొటోలో, వాటి పక్కన యాక్టిన్ అనే ప్రొటీన్ గీత కూడా పడేది. మన కండరాలు బిగిసేది ఆ యాక్టిన్‌తోనే. దానికి కేంద్రకంలో ఏం పని? మేక కాలేయాన్ని నూరేటప్పుడు బయటి నుంచి అంటుకున్న మురికి అని హైమ తేల్చేసింది. పిల్లకి తెలివి ఎంతో పంతమూ అంతే.

పిలవని పేరంటానికొచ్చిన దాన్ని గెంటెయ్యాలని ఉప్పునీళ్ళతో కడిగింది. పోలేదు. ఉప్పు పెంచి మళ్ళీ కడిగింది. చివరికి గీత మాయమైంది. ఆ ఫొటో పట్టుకుని మా గైడు గవర్రాజు సార్ సంతకం కోసం వెళ్ళింది. థీసిస్ ఇవ్వడానికి గడువు ఆ వారమే. సార్ సంతకం పెట్టకపోతే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

సార్ ఫొటో చూడలేదు. కడిగిన నీళ్ళు పారబోశావా అని అడిగారు. ఇంకా లేదంది. వాటిలో ఉప్పు తీసేసి తెమ్మన్నారు.

మర్నాడు మధ్యాహ్నం సార్, హైమ, లాబ్‌లో ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే నేను, ముగ్గురం కోల్డ్ రూమ్‌లో నిలబడ్డాం. నోరు తెరిస్తే పొగ వస్తోంది. ఒక గొట్టంలో హైమ శుభ్రం చేసిన ప్రొటీన్లు, ఇంకోదాంట్లో ఆమె కడిగేసిన యాక్టిన్. సార్ రెండూ వంచి చూపించారు. రెండూ నీళ్ళలా జారాయి. అప్పుడు ఒకదాన్ని ఇంకోదాంట్లో పోసి, మూతపెట్టి, గుప్పిట్లో కాసేపు వెచ్చగా పట్టుకున్నారు.

గుప్పిట తెరిచేసరికి లోపల తెల్లటి మసక కమ్ముతోంది. ఆ మసకలో సన్నటి పోగులు లేచాయి. చీకట్లో మనుషులు తడుముకున్నట్టు మెల్లగా ఒకదాని దగ్గరికొకటి జరిగాయి. గొట్టాన్ని ఎవరూ కదిలించలేదు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది.

సార్ మూత తీసి గొట్టం హైమ చేతికిచ్చారు.

"మురికన్నావు కదమ్మా. ఆ బకెట్లో పారబొయ్యి."

హైమ బోర్లించింది. చుక్క పడలేదు. విదిలించింది. లోపలిది ఒకసారి వణికి, గొట్టం గోడల్ని పట్టుకుని ఆగిపోయింది.

"చచ్చిపోయిన మేకది సార్ ఇది," అంది.

"అవునమ్మా. విడదీసింది నువ్వు. కలవమని వాటికెవరు చెప్పారు?"

సార్ తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. హైమ సంతకం మాట ఎత్తలేదు. గొట్టాన్ని బిగించి పట్టుకున్న తన గుప్పిటనే చూస్తూ నిలబడిపోయింది.