ఆచారిగారి వెన్న కాపలా

వేణుగిరి రాజు రణసింహ భూపతికి మధ్యాహ్నం కునుకు తియ్యకపోతే రాజ్యం కనబడదు. అలాంటాయనకు చైత్రమాసంలో, అందులోనూ కొత్తగా కట్టించుకున్న పడకగదిలో, కునుకు కరువైంది. వరండాలో హాయిగా ఉంటుంది, గదిలో అడుగుపెడితే ఒళ్లంతా చెమటే.

"ఈ గది ఎందుకిలా ఉడికిపోతోందో మూడు రోజుల్లో తేల్చండి. తేల్చినవాళ్లకు అడిగింది ఇస్తాను" అన్నాడు.

ఆ గది కట్టిన స్థపతి వీరాచారికి ఒళ్లు మండింది. తన కట్టడంలో లోపమా? గదిలో తప్పేమీ లేదనీ, వింజామర వీచే మాచమ్మ చేతులే పడిపోయాయనీ, ఆమె స్థానంలో ఇద్దరు పడుచువాళ్లను పెడితే సరిపోతుందనీ చెప్పేశాడు. రాజు తలూపాడు. మూడో నాటికి వేరే కారణం దొరక్కపోతే మాచమ్మ కొలువు పోయినట్టే.

ఇరవై ఏళ్లుగా రాజుకు విసురుతున్న మనిషి. అయినా ఏడుస్తూ కూర్చోలేదు, తిన్నగా వంటశాలకు పోయి గిన్నెడు వెన్న పట్టుకొచ్చింది. పోకచెక్కంత ముద్దలు చేసి, తమలపాకుల మీద పెట్టి, మర్నాడు పొద్దున్నే గది నిండా సర్దింది. కిటికీ దగ్గరొకటి, గుమ్మం పక్కనొకటి, మంచం కిందొకటి, గోడల్లోని గూళ్లలో తలా ఒకటి. ఇదేం వేషమని రాజు అడిగాడు.

"మనుషులనడిగితే ఏలినవారి మొహం చూసి జవాబు చెబుతారు. వెన్నకు ఆ మొహమాటం లేదు ప్రభూ."

కిటికీ దగ్గరి ముద్దే ముందు కరుగుతుందని అందరూ అనుకున్నారు. వట్టివేళ్ల తడక పుణ్యమా అని అది అలాగే కూర్చుంది. మధ్యాహ్నం దాటేసరికి ఎండ పొడే తగలని ఉత్తరపు గోడ గూట్లోది మాత్రం నూనెలా కారిపోయింది. మాచమ్మ ఆ గోడ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసుకుంది. బయటికెళ్లి గోడ అవతలివైపు చూసొచ్చింది. చూసిందేమిటో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆచారి బుకాయిస్తాడని ఆమెకు బాగా తెలుసు.

అనుకున్నట్టే వీరాచారి ఎగిరిపడ్డాడు. ఎవరూ చూడనప్పుడు మాచమ్మే వెన్నను కరిగించిందన్నాడు. అయితే రేపు మీరే కాపలా కూర్చోండి ఆచారిగారూ అంది మాచమ్మ. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా కదలకూడదని షరతు పెట్టింది. తాను వింజామర కూడా ముట్టనంది. ఆచారి మీసం దువ్వి ఒప్పుకున్నాడు.

మూడో రోజు ఆయన ఉత్తరపు గూటికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం రాజు వచ్చి నడుం వాల్చాడు. లేచేసరికి సాయంత్రమైంది. గూట్లో వెన్న చెక్కుచెదరలేదు.

"చూశారా ప్రభూ! నేను కళ్లప్పగించి చూస్తూంటే ఇది కరగలేదు. నిన్నటిదంతా ఈ మాయలాడి పనే" అన్నాడు ఆచారి.

రాజు మొహం చిట్లించి మాచమ్మ వైపు చూశాడు. ఆమె తొణక్కుండా అడిగింది.

"ఏలినవారికి ఇవాళ చెమట పట్టిందా?"

రాజు మెడ తడుముకున్నాడు. పొడిగా ఉంది. వింజామర లేకుండానే ఒళ్లు మరిచి నిద్రపోయానని అప్పుడు తెలిసొచ్చింది.

"లేదే. నిన్న లేని చల్లదనం ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఇవాళ ఆచారిగారు స్నానం చెయ్యలేదు ప్రభూ."

ఆ గోడకు అవతల ఆచారి తనకోసం గుట్టుగా ఒక స్నానాలగది కట్టుకున్నాడు. రోజూ మధ్యాహ్నం, సరిగ్గా రాజు కునుకు వేళకు, గోడనానుకున్న పొయ్యి మీద నాలుగు కాగుల నీళ్లు మరుగుతాయి. ఇవాళ ఆయన ఇక్కడ కూర్చున్నాడు, అక్కడ పొయ్యి వెలగలేదు. మాచమ్మ ఇదంతా చెబుతూంటే ఆచారి మీసం వాలిపోయింది.

"నిజమే సుమా. లేచిన దగ్గర్నుంచీ ఏదో వాసన వస్తోందనుకుంటున్నాను" అన్నాడు రాజు.

గుమ్మంలో ఉన్న భటులతో సహా అందరూ పగలబడి నవ్వారు. పొయ్యిని తోట అవతలికి మార్పించమని రాజు అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు. ఓపికున్నన్నాళ్లూ కొలువు నీదేనంటూ చేతి కడియం తీసి మాచమ్మకిచ్చాడు. ఇది కాక ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

మాచమ్మ కడియం కళ్లకద్దుకుంది.

"ముందు ఆచారిగారికి స్నానం చేయించండి ప్రభూ, చన్నీళ్లతో."