వచ్చాడా, వచ్చిందా?

అనగనగా ఒక రాజు. పేరు ప్రతాపవర్ధనుడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయసేనుడు, రెండోవాడు ధీరసేనుడు, మూడో బిడ్డ మేఘసేన. పుట్టినప్పుడు మేఘసేనుడని పేరు పెట్టారు. అందరూ కొడుకే అనుకున్నారు. కాదు, కూతురు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. అందుకని నేను మొదటినుంచీ 'ఆమె' అనే చెబుతాను. మధ్యలో ఎవరైనా "అదేంటి?" అంటే కథ ఆపేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ముగ్గురూ రాజుగారి గుర్రపు దండులో చేరారు. మేఘసేనకు ఈటె అంటే ప్రాణం, గుర్రమంటే ప్రాణం. ఒక్కచోట కుదురుగా ఉండదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు ఊపుతూనే ఉంటుంది.

ఆ కోటకు ఒక ఆనవాయితీ ఉంది. పొద్దు గూకేవేళ దండు తిరిగి రాగానే, గుమ్మం మీద పెద్దగొంతు పేరయ్య నిలబడి ఒక్కొక్కరినీ కేక వేస్తాడు. "జయసేనుడు వచ్చాడు! ధీరసేనుడు వచ్చాడు!" కేక పడ్డాకే లోపలికి అడుగుపెట్టాలి. పడకపోతే ఎంతటివాళ్ళయినా బయటే.

"మేఘసేనుడు వచ్చాడు!" అనగానే మేఘసేనకు ఏడుపొచ్చేది. పేరు చివర ఒక 'డు', మాట చివర ఒక 'డు'. రెండూ అరికాల్లో ముళ్ళలా గుచ్చుకునేవి.

దండు వైద్యుడు కేదారుడు ఒక్కడికే ఆ మాట చెప్పుకుంది. అతను నవ్వలేదు. కొండ మీంచి ఏవో ఆకులు తెచ్చి కషాయం కాచాడు.

"రోజూ తాగాలి మేఘసేనా. చేదుగా ఉంటుంది. నెమ్మదిగా పనిచేస్తుంది."

"ఎంత నెమ్మదిగా?"

"నీకు నచ్చనంత నెమ్మదిగా."

రోజూ తాగింది. రోజూ గుర్రమెక్కింది. మొహం నునుపు తేలింది, జుట్టు నడుము దాకా దిగింది. జడ చుట్టి ఇనుప టోపీ కింద దోపేది. ఈటె గురి మాత్రం ఇసుమంతైనా తప్పలేదు. దండులో వాళ్ళు చూశారు, గుసగుసలాడారు, అలవాటు పడ్డారు. పేరయ్య కేక మాత్రం మారలేదు.

పేరయ్యను అడిగింది. "దళపతిగారు చెప్పాలి తల్లీ... నాయనా..." అని నీళ్ళు నమిలాడు. దళపతిని అడిగింది. రాజుగారు చెప్పాలన్నాడు. రాజును అడిగింది.

రాజు కోప్పడలేదు. "కూతురివంటావా? సంతోషమే. మీ అమ్మ ఉంటే పండగ చేసేది. అంతఃపురంలో గది కట్టిస్తాను. ఈటె దించెయ్."

"దించను నాన్నగారూ. నేను మీ సైనికురాలిని."

"ఈటె పడితే కొడుకువి, దించితే కూతురివి. రెండూ కుదరవు."

ఆమె గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది. కోట చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించింది. గుర్రానికే విసుగొచ్చింది.

ఇంతలో ఇంకో గొడవ వచ్చిపడింది. ఏడు సముద్రాల అవతల ఘూకదంతుడనే మాంత్రికుడున్నాడు. వాడికి ఎంత నిద్రపోయినా చాలదు. అందుకని ఈ రాజ్యం మీద పడి, ఉన్న నిద్రంతా మూటగట్టుకుపోయాడు. ఇక చూడండి! పసిపిల్లలకు నిద్ర లేదు, తల్లులకు లేదు, చివరికి పిల్లులక్కూడా లేదు. అందరి కళ్ళూ మిరపపళ్ళే. మాటకు ముందు తగువు.

నిద్ర తెస్తానని జయసేనుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ధీరసేనుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను," అంది మేఘసేన.

"కొడుకుగానా, కూతురుగానా?" అన్నాడు రాజు చిరాగ్గా.

"సైనికురాలిగా."

నిద్రలేని రాజుకు వాదించే ఓపిక లేదు. సరే పొమ్మన్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మేఘసేన దాన్ని తిరగేసింది. "బతికించావు తల్లీ, వీపెక్కు," అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, పెరుగు సముద్రంలో మాత్రం జారిజారి పడ్డారు. దారంతా మేఘసేన "ఇంకెంత దూరం తాతా?" అని అడుగుతూనే ఉంది.

ఏడో సముద్రం దాటాక తాబేలు చెప్పింది. "వాడి ప్రాణం గుమ్మానికి వేలాడే గూటి చిలకలో ఉంది. ఆ చిలక అబద్ధమాడదు. వచ్చినవాళ్ళ వేషం చూసి, పేరు పెట్టి 'ఫలానావాడు వచ్చాడు' అనో, 'ఫలానామె వచ్చింది' అనో అంటుంది. అది నిజం గనక, విన్నవాళ్ళు నిలుచున్నచోటే రాయైపోతారు. మీ అన్నలూ అంతే."

"అబద్ధమాడితే?"

"ఇంతవరకూ ఆడలేదు. ఆడితే దానికి చావే, వాడికీ చావే. నా డిప్ప కింద చీరలున్నాయి, కావాలంటే కట్టుకు వెళ్ళు. లేదంటే ఈటెతో వెళ్ళు. నీ ఇష్టం."

మేఘసేన ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. చీర కట్టుకెళితే చిలక 'వచ్చింది' అంటుంది. ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట అదే, కానీ విన్న క్షణమే రాయైపోతుంది. ఈటెతో వెళితే 'వచ్చాడు' అంటుంది. అప్పుడూ రాయైపోతే? అందరూ అన్నదే నిజమనీ, తాను అనుకున్నది అబద్ధమనీ తేలిపోతుంది. చావుకంటే దానికే ఆమె ఎక్కువ భయపడింది.

"నన్ను నేను ఎరగనా?" అనుకుంది. ఈటె పట్టుకుని, ఇనుప టోపీ పెట్టుకుని బయల్దేరింది.

గుమ్మం ముందు రాళ్ళే రాళ్ళు. చిలక మెడ వంచి చూసింది.

"మేఘసేనుడు వచ్చాడు!"

మేఘసేన కళ్ళు మూసుకుంది. కాలివేళ్ళు కదిపింది. కదిలాయి! చిలకకు ఒక రెక్క రాలిపోయింది.

"మేఘసేనుడు వచ్చాడు!" అని చిలక ఇంకా గట్టిగా అరిచింది. రెండో రెక్కా రాలింది. లోపలనుంచి మాంత్రికుడు గుండె పట్టుకుని తూలుతూ వచ్చాడు.

"ఓసి వెర్రిమొహమా, సరిగ్గా చూసి చెప్పవే!"

"మీరే కదా నేర్పారు, ఈటె పట్టుకొస్తే 'వచ్చాడు' అనమని!" అని ఏడుస్తూ మూడోసారి అదే కేక వేసింది. అంతే, గూట్లో చిలక, గుమ్మంలో మాంత్రికుడు, ఇద్దరూ ఒకేసారి చచ్చి పడ్డారు.

మేఘసేన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషానికే.

రాళ్ళన్నీ మనుషులయ్యాయి. రాయైనా చెవులు వినిపిస్తూనే ఉన్నాయట. జయసేనుడు ఒళ్ళు దులుపుకుని, "లే చెల్లీ, ఇంటికి పోదాం," అన్నాడు.

మంచం కింద దాచిన నిద్రమూట తీసుకుని కోటకు వచ్చారు. వాళ్ళ తొందర సంతకెళ్ళ! గుమ్మం ముందు మూట జారి ఊడిపోయింది. పేరయ్య కేక వేయబోయి నోరు తెరిచినవాడు తెరిచినట్టే గుర్రు పెట్టాడు. రాజు, దళపతి, కేదారుడు, అన్నలిద్దరు, పిల్లులతో సహా అందరూ ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోయారు.

మేఘసేనకూ నిద్ర ముంచుకొచ్చింది. కానీ బార్లా తెరిచిన కోటను కాపలా లేకుండా వదిలేదెలా? అలాగని కేక పడనిదే లోపలికి వెళ్ళదు. గుమ్మం బయట అటూ ఇటూ నడుస్తూ మెలకువగా ఉంది. నక్కలొస్తే తరిమింది. దొంగలొస్తే తరిమింది. వానొస్తే మాత్రం తడిసింది.

అందరికంటే ముందు రాజుకు మెలకువ వచ్చింది. గోడ మీంచి తొంగిచూశాడు.

"ఎవరక్కడ?"

"నేనే నాన్నగారూ."

"తలుపు తీసే ఉందిగా, లోపలికి రాలేదేం?"

"కేక పడలేదు."

రాజు చూశాడు. టోపీ పోయి, జడ ఊడి, తడిసిన జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. చేతిలో ఈటె నిటారుగా ఉంది. నిద్ర తీరిన కళ్ళకు ఆమె తేటగా కనబడింది. సిగ్గుపడ్డాడు. పేరయ్యను లేపకుండా తనే గొంతెత్తాడు.

"మేఘసేన... మేఘసేన వచ్చింది!"

పేరయ్య ఉలిక్కిపడి లేచి, తన పని ఎవరో చేసేస్తున్నారనుకుని, ఊరంతా దద్దరిల్లేలా అదే కేక అందుకున్నాడు. "మేఘసేన వచ్చింది! మేఘసేన వచ్చింది!" మేఘసేన ఈటె భుజాన వేసుకుని లోపలికి నడిచింది.

కేదారుడికీ ఆమెకూ పెళ్ళయింది. దండంతా గుర్రాల మీదే విందుకొచ్చింది. "రాళ్ళుగా నిలబడి విసిగిపోయాం, ఇక సింహాసనం మీద మేం కదలకుండా కూర్చోలేం," అన్నారు అన్నలు. అందుకని రాజు తర్వాత మేఘసేనే చాలాకాలం రాజ్యమేలింది. ఆమె రోజుల్లో దండులోకి ఎవరు కొత్తగా చేరినా, మొదటి సాయంత్రం పేరయ్య వెంటనే కేక వేసేవాడు కాదు. గుమ్మం దిగి వచ్చి, చెవి దగ్గరికి వంగి, "ఏమని పిలవమంటారు?" అని అడిగేవాడు.