ఆదెమ్మ కోక కట్టుకున్న చెంచయ్య

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో అంటే నడిమధ్యన కాదులే, ఊరు దాటి, కాలవ దాటి, మిరపచేల పక్కన ఒక తాటాకు ఇల్లు ఉండేది. కాస్త అటు జరుగు తల్లీ, నా మోకాలు నొక్కుతున్నావు. ఆఁ, ఇప్పుడు బాగుంది. ఆ ఇంట్లో చెంచయ్య అని ఒకాయన, ఆయన పెళ్ళాం ఆదెమ్మ, ఆయన్ని కన్నతల్లి మాలకొండమ్మ ఉండేవాళ్ళు. నాలుగో మనిషి కూడా ఉంది. అదే, గేదె! నల్లగా నిగనిగలాడుతూ, నుదుట తెల్లటి చుక్కతో ఉండేది. అందుకని దాన్ని చుక్కి అనేవాళ్ళు.

చుక్కి ఆదెమ్మ పుట్టింటిది. పెళ్ళప్పుడు వాళ్ళ నాన్న చిన్న దూడ మెడకి పలుపు కట్టి, ఆ కొస కూతురి చేతిలో పెట్టాడు. ఆదెమ్మ దాన్ని కన్నబిడ్డలా సాకింది. ఆదెమ్మ ఎంత పనిమంతురాలనుకున్నావు! ఆ చుట్టుపక్కల అంత చురుకైన మనిషి లేదు. చూడ్డానికీ చక్కనిదే. ఎందుకే ఆ నవ్వు? నాకెలా తెలుసా? కథ చెప్పేదాన్ని, నాకు తెలీదూ?

ఇక చెంచయ్య సంగతి. చెడ్డవాడేం కాదు, బంగారం లాంటి మనిషి. కాకపోతే మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారే, ఆ బాపతు. ఏ పని చెప్పినా "రేపు చేస్తాలే" అనేవాడు. ఆ రేపు ఎప్పుడూ వచ్చేది కాదు.

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదురుతున్నాయి. వాకిట్లో ఎర్రటి మిరపకాయలు ఎండుతున్నాయి. పంచలో మాలకొండమ్మ కాళ్ళు చాపుకుని, చింతపండు రాశి ముందు పెట్టుకుని గింజలు తీస్తోంది. అప్పుడు ఆదెమ్మ పుట్టింటి నుంచి కబురొచ్చింది. చెల్లెలు ప్రసవించింది, ఆడపిల్ల, పనికి మనిషి లేదు, వెంటనే రమ్మని.

ఆదెమ్మ మూట కట్టుకుంది. బండెక్కబోతూ మొగుడికి జాగ్రత్తలు చెప్పింది.

"పది రోజుల్లో వచ్చేస్తా. అత్తయ్యకి వేళ్ళ నొప్పులు, ఆమె పితకలేదు. దూడ పెద్దదై గడ్డికి పడింది, చుక్కి దాన్ని దగ్గరికే రానివ్వడం లేదు. రెండు పూటలా నువ్వే పితకాలి. నాలుగు రోజులు పితక్కపోతే వట్టిపోతుంది, మళ్ళీ ఈనేదాకా ఇంట్లో చుక్క మజ్జిగుండదు. వింటున్నావా?"

చెంచయ్య మీసం దువ్వాడు. "పాలు పితకడం కూడా ఒక పనేనంటే! కళ్ళు మూసుకుని పితుకుతా."

"సరే. నేనొచ్చేసరికి నా చుక్కి వట్టిపోయిందో, దాన్ని తోలుకుని మా పుట్టింటికి పోతా. నువ్వూ నీ మీసాలూ ఇక్కడే ఉండండి" అంది ఆదెమ్మ. బండి కదిలింది.

ఆ సాయంత్రం చెంచయ్య చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాడు. చుక్కి తల తిప్పి పైనుంచి కిందికి చూసింది. నీకు తెలుసా, గేదె తనకిష్టమైతేనే పాలు కిందికి దించుతుంది. దాన్ని చేపడం అంటారు. చేపకపోతే పొదుగు నిండా పాలున్నా సరే, చెంబులో చుక్క పడదు. చెంచయ్య లాగాడు, లాగాడు, చేతులు పడిపోయేలా లాగాడు. చుక్కి చేపలేదు సరికదా, తోక ఎత్తి చెంప మీద ఛెళ్ళున ఒక్కటిచ్చింది.

మర్నాడు పొద్దున చెంచయ్య ఒక ఉపాయం వేశాడు. బొక్కెన నిండా కుడితి కలిపి, అందులో తవుడు, తెలగపిండి దండిగా వేసి చుక్కి ముందు పెట్టాడు. చుక్కి సుబ్బరంగా తాగింది. బొక్కెన అడుగు కూడా నాకింది. ఆ తర్వాత వెనక కాలితో చెంబుని ఒక్క తన్ను తన్నింది. ఆ చెంబు దొర్లుకుంటూ పోయి మిరపకాయల్లో పడింది.

పంచలోంచి మాలకొండమ్మ అడిగింది. "ఏరా నాయనా, కళ్ళు తెరిచి పితుకుతున్నావా, మూసుకుని పితుకుతున్నావా?"

చెంచయ్యకి ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమూ అదే తంతు. పొదుగు రాయిలా గట్టిపడింది. ఆ రాత్రి అన్నంలోకి మజ్జిగ లేదు, ముద్ద గొంతు దిగలేదు. గేదె వట్టిపోతే ఆదెమ్మ అన్నంత పనీ చేస్తుందని ఆయనకి తెలుసు. ఆదెమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పటికే రెండు రోజులుగా చూస్తున్నాడు. పొయ్యి మీద మాడిన అన్నం, వాకిట్లో ముగ్గు లేదు. చెంచయ్యకి భయం పుట్టింది.

మూడో రోజు పొద్దున మరో ఉపాయం తట్టింది. గేదె మనిషిని వాసనతో కదా గుర్తుపడుతుంది! దండెం మీద ఆదెమ్మ పాత కోక ఉంది, పేడ వాసన, పసుపు వాసన కలిసి. గబగబా అది చుట్టుకున్నాడు. తలమీద ముసుగేసుకున్నాడు. అడుగులో అడుగేసుకుంటూ కొట్టంలోకి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే పక్క చేను పేరయ్య తాటిముంజల గెల భుజాన వేసుకుని అటుగా పోతున్నాడు. "ఏం వదినా, ఊరికి పోయావన్నారే?" అని పలకరించాడు. ఉలిక్కిపడి చెంచయ్య ఇటు తిరిగాడు. ముసుగులో ఇంతేసి మీసాలు! పేరయ్య భుజం మీద గెల దబ్బున కిందపడింది. నవ్వీ నవ్వీ గట్టు మీద కూలబడ్డాడు. ఇంకేముంది, మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది.

పోనీ పాలన్నా వచ్చాయా అంటే, అదీ లేదు. చుక్కి కోక వాసన చూసింది. మోచెయ్యి నాకింది. తన్నకుండా బుద్ధిగా నిలబడింది. ఏదో వినబోతున్నట్టు చెవులు రిక్కించింది. అంతే, చేపలేదు.

చెంచయ్య ఆ కోకతోనే పంచలోకి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, వట్టిపోతుందే. ఆదెమ్మ వెళ్ళిపోతుందే" అన్నాడు.

మాలకొండమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. "కోకైతే కట్టావురా నాయనా, మరి నోరేది?"

"నోరేంటమ్మా?"

"ఆదెమ్మ పాలు పితికేటప్పుడు ఊరికే కూర్చుంటుందనుకున్నావా? పొద్దున నువ్వు ముసుగుతన్ని పడుకుంటావు, సాయంత్రం అరుగుల మీద కబుర్లు చెబుతుంటావు, నీకేం తెలుసు! రెండు పూటలా అది నిన్ను తిడుతూ పితుకుతుంది. విని విని చుక్కికి అదే అలవాటైపోయింది. ఆ తిట్లు చెవిన పడితేగానీ అది చేపదు."

"రెండు రోజుల నుంచీ చెప్పవేమే!"

"నువ్వు కళ్ళు మూసుకుని పితుకుతానన్నావుగా. చూద్దామని ఊరుకున్నా" అంది ముసలమ్మ.

మాలకొండమ్మకి ఆ తిట్లన్నీ నోటికొచ్చు. కొడుకుని మళ్ళీ గేదె పక్కన కూర్చోబెట్టి, వెనక నిలబడి ఒక్కొక్కటే అందించింది. చెంచయ్యకి సిగ్గు ముంచుకొచ్చింది. గొణిగాడు. చుక్కి నెమరు ఆపింది, ఒక చెవి ఇటు తిప్పింది.

"గట్టిగా అనరా!"

అప్పుడు చెంచయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, ఆదెమ్మ గొంతు పెట్టి అందుకున్నాడు.

"నులకమంచం కుంగిపోయె, నడుము కాస్తా విరిగిపోయె, బిగించే నాథుడు లేడు!
బావి గిలక గీపెట్టె, ఊరు ఊరంతా నవ్విపోయె, చుక్క ఆముదం పోసే నాథుడు లేడు!
కప్పులోంచి ఆకాశం కనపడె, నాలుగు తాటాకులు వేసే నాథుడు లేడు!
ఉన్న నాథుడు ఉలకడు పలకడు, రేపు చేస్తాలే అంటాడు!"

జుయ్! జుయ్! జుయ్! చెంబులో పాలు నురగలు కట్టాయి. చుక్కి కళ్ళు అరమోడ్చి హాయిగా నిలబడింది. చెంచయ్య తిడుతూనే ఉన్నాడు, పితుకుతూనే ఉన్నాడు. చెంబు నిండింది. మాలకొండమ్మ "గండం గడిచిందిరా" అని గేదె వీపు నిమిరింది.

ఆ తర్వాత చెంచయ్య రోజూ రెండు పూటలా కోక కట్టుకోవడం, తనని తాను తిట్టుకోవడం. మొదట్లో నవ్వొచ్చేది. రెండు రోజులయ్యాక నవ్వు రాలేదు. ఒక సాయంత్రం చెంబు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. 'పాపం, ఇన్నేళ్ళుగా ఈ మాటలు నాకే చెప్పింది. నేను వినలేదు. వినేవాళ్ళు లేక గేదెకి చెప్పుకుంది' అనుకున్నాడు. ఆయనకి చాలా బాధేసింది.

మర్నాడు నులకమంచం నడివాకిట్లో వేసి, కాళ్ళు తన్నిపెట్టి తాడు బిగించాడు. వేలితో మీటితే టంగుమనేట్టు బిగించాడు.

ఆ తర్వాత బావి గిలక దింపి తుప్పు గీకి, ఆముదం పట్టించాడు. గిలక నోరు మూసుకుంది.

ఆ తర్వాత పేరయ్యని సాయం పిలిచి ఇల్లెక్కాడు. పేరయ్య కింద నుంచి తాటాకులు అందిస్తూ, "జాగ్రత్త వదినా, పడిపోతావు" అంటూనే ఉన్నాడు. పడనీ, నవ్వుకోనీ! మూడు రోజుల్లో కప్పు మీద కొత్త ఆకు పడింది.

పదోరోజు సాయంత్రం ఆదెమ్మ బండి దిగింది. దిగుతూనే కొట్టంలోకి పరిగెత్తింది. చుక్కి నిండు పొదుగుతో నిలబడి "ఓంయ్" అంది. ఆదెమ్మ దాని మెడ కావలించుకుంది. తర్వాత బావిలో చేద వేసింది, గిలక చప్పుడు లేదు. మంచం మీద కూర్చుంది, మంచం కుంగలేదు. తల పైకెత్తింది, ఆకాశం కనపడలేదు. ఆదెమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత చెంబు తీసుకుని పితకడానికి కూర్చుంది. "నులకమంచం..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అబద్ధమాడటం ఆదెమ్మకి చేతకాదు మరి. "బావి గిలక..." అని మళ్ళీ ఆగింది. "కప్పులోంచి..." ఊహూఁ. ఇక తిట్టడానికేమీ లేక, "మా ఆయన బంగారం, మా ఆయన మాణిక్యం" అని పొగుడుతూ పితికింది. చుక్కి తల తిప్పి వింతగా చూసింది. తోక ఎత్తి ఛెళ్ళున ఒక్కటిచ్చింది!

"అయ్యో అయ్యో! నా గేదెని ఏం చేశావయ్యా? నా దగ్గరే చేపడం లేదు!" అని ఆదెమ్మ గొల్లుమంది.

పంచలో మాలకొండమ్మ ఒకటే నవ్వు, ఒళ్ళో చింతపండంతా కిందపడింది. చెంచయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. భుజం మీద తెల్లగా ఉతికిన తువ్వాలుంది. దాన్ని తీసి, ఆదెమ్మ చూస్తుండగా, తీసుకెళ్ళి పేడలో పడేశాడు.

"హవ్వ! ఉతికిన తువ్వాలు! కళ్ళు నెత్తికెక్కాయా నీకు? పడేసే నాథుడున్నాడు గానీ ఉతికే నాథుడు లేడు!"

జుయ్! జుయ్! జుయ్!

ఆ రోజు నుంచి చెంచయ్య అన్ని పనులూ ఏ రోజువి ఆ రోజు చేసేవాడు. తువ్వాలు మాత్రం రెండు పూటలా కొట్టం దగ్గర పడేసేవాడు. ఆదెమ్మ తిట్టేది, చుక్కి చేపేది. కావాలనే పడేస్తున్నాడని ఆదెమ్మకి తెలీదా అంటావా? తెలియకేం! రెండోనాడే తెలిసింది. పేడ లేని చోటు చూసి మరీ పడేస్తుంటే తెలీదూ? అయినా తిట్టేది. తిడుతూ తిడుతూ మొహం గేదె వైపు తిప్పుకుని నవ్వుకునేది.

ఏంటీ? మన తాతయ్య కూడా రోజూ తువ్వాలు కొట్టం దగ్గరే పడేస్తాడా? నేనూ రోజూ తిడతానా? ఓసి నీ తెలివి తెల్లారా! నోరు మూసుకుని పడుకో. బయట మంచం మీద ఆ దగ్గెవరిది? దగ్గు కాదది, నవ్వు. నిద్రపోకుండా అంతా వింటున్నాడు చూడు ఆ మహానుభావుడు. ఉండు, పొద్దున చెప్తా ఆయన పని.

కథేమో కంచికి, గేదేమో కొట్టానికి,
వెన్నేమో ఉట్టికి, తువ్వాలేమో దండేనికి,
తిట్లేమో తాతయ్యకి,
నిద్దరేమో నా తల్లికి.