రాజుగారి భుజం మీద మెత్త

ఒకానొక రాజ్యంలో అనడం కంటే, నాలుగు రాజ్యాలు కలిసే ఒకానొక కొండ దగ్గర అంటే సరిగ్గా ఉంటుంది. ఏటేటా నలుగురు రాజులూ స్వయంగా బోయీలై అమ్మవారి పల్లకిని ఆ కొండ చుట్టూ మోసేవారు. పల్లకి లేచినన్నాళ్లూ తమలో తమకు యుద్ధం ఉండకూడదని పెద్దలనాటి ఒడంబడిక.

నలుగురిలో పెద్దవాడు ప్రతాపకేసరి. ఆయన మీసం తిప్పే వయసులో తక్కిన ముగ్గురూ పసివాళ్లు. వెనక వైపు బోయీలు సాయం పట్టేవారు. ముందు ఆయన పక్కన, ఆ ముగ్గురిలో ఒకడైన బుల్లి మల్లదేవుడు మునివేళ్ల మీద నిలబడి పల్లకి బొంగు అందుకునేవాడు. "జాగ్రత్త నాయనా," అనేవాడు ప్రతాపకేసరి. ఆ రోజులను ఆయన తరచూ తలచుకునేవాడు.

ఇప్పుడా ముగ్గురూ ఆయనంత ఎదిగారు. ఏనుగులకూ ఓడలకూ కొదవలేదు.

"వల్లభయ్యా," అన్నాడు రాజు తన విదూషకుడితో, "రేపు నా భుజం దగ్గర బొంగు జానెడు ఎత్తుండాలి. ఎవరు పెద్దో లోకం చూడాలి. లేదా నేను పల్లకి పట్టను."

పట్టకపోతే ఒడంబడిక గంగలో కలిసినట్టే. వల్లభయ్యకు ఆ సంగతి తెలుసు. పైకి మాత్రం, "అదెంత పని ప్రభూ," అన్నాడు.

మర్నాడు రాజుగారి భుజానికి జానెడు మందాన పట్టుమెత్త కట్టాడు. పల్లకి లేచింది, రాజుగారి మీసమూ లేచింది. నాలుగడుగులు వేశారో లేదో మోకాళ్లు వణికాయి.

"వల్లభయ్యా, ఈ మల్లదేవుడు మోయడం లేదురా," అని రొప్పాడు.

"బొంగు అందితే కదా ప్రభూ, మోయడానికి? ఎత్తు భుజం మీదకే బరువు వస్తుంది. పాతరోజుల ఎత్తు గుర్తుంచుకుని, బరువు మరిచిపోయారు."

మల్లదేవుడు మెల్లగా అన్నాడు. "నేను మరవలేదు బాబాయిగారూ. వేళ్లు తగిలించి, నేనే మోశానని ఇంటికెళ్లి అమ్మకు చెప్పేవాణ్ణి. ఆ మెత్త తీసేయండి. ఇవాళ నిజంగా మోస్తాను."

రాజుకు కళ్లు చెమర్చాయి. అంతలోనే పకపకా నవ్వాడు. పల్లకి దింపించి, మెత్త ఊడదీసి, మెడలోని హారంతో సహా వల్లభయ్య చేతిలో పెట్టాడు.

"ఇకనుంచి కొలువులో దీనిమీదే కూర్చో."

"హారం చాలు ప్రభూ. మంత్రులకంటే జానెడు ఎత్తున కూర్చుంటే కొలువు బరువంతా నా నెత్తినే పడుతుంది."

రాజు మళ్లీ నవ్వుతూ బొంగు కింద భుజం పెట్టాడు. ఈసారి సగం బరువే తగిలింది. పక్కకు తిరిగి, పాత అలవాటు కొద్దీ, "జాగ్రత్త నాయనా," అన్నాడు.